మేడ మీది వైఫైకి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి: ఎడాప్టరా, పీఓఈనా?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో రెండంతస్తుల ఇల్లు అనుకోండి. ఫైబర్ వైరు కింద హాల్లో టీవీ పక్కన దిగింది, మోడెం అక్కడే ఉంది. పై పోర్షన్‌లో సిగ్నల్ ఒక గీత కంటే ఎక్కువ రాదు. మధ్యలో కాంక్రీటు స్లాబు ఉన్నాక కింద ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా పెద్ద తేడా ఉండదు. పైన ఒక యాక్సెస్ పాయింట్, అంటే కింది నుంచి నెట్ వైరు తగిలిస్తే అక్కడ వైఫై ఇచ్చే పెట్టె, బిగించాల్సిందే. ఇంతవరకూ అందరికీ తెలుసు. షాపుకి వెళ్లాక మాటంతా వైఫై 6 కొనాలా 7 కొనాలా, ఎన్ని యాంటెనాలు, ఎన్ని చదరపు అడుగులు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. దానికి కరెంటు ఎలా ఇస్తారని మాత్రం గోడకి డ్రిల్లు పెట్టే రోజు దాకా ఎవరూ అడగరు.

నా లెక్కలో మొదట తేల్చుకోవాల్సింది అదే. నెట్ ఆగి ఆగి వస్తోంది, రాత్రిళ్లు కట్ అవుతోంది, కరెంటు పోయి వస్తే పావుగంట పనిచేయడం లేదు అని చెప్పే వాటిలో చాలావరకు సిగ్నల్ తప్పు కాదు, యాక్సెస్ పాయింట్‌కి కరెంటు సరిగా అందకపోవడం. నా సలహా ఒక్క మాటలో: ఇంట్లో బ్యాటరీ ఎక్కడుందో, యాక్సెస్ పాయింట్‌కి కరెంటు అక్కడి నుంచే బయల్దేరాలి. ఇక కింద చెప్పే ఎంపికలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

ఎడాప్టర్ ఎప్పుడు చాలు

డబ్బాలో వచ్చిన 12 వోల్టుల ఎడాప్టర్ తీసి దగ్గర్లోని ప్లగ్‌లో పెట్టడం అన్నిటికంటే తేలిక. అదనపు ఖర్చు లేదు, పాడైతే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఇంకోటి దొరుకుతుంది. యాక్సెస్ పాయింట్ పెట్టే చోట ప్లగ్ పాయింట్ ఉండి, ఆ పాయింట్ ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. అది పెట్టుకోండి.

చిక్కంతా ఆ రెండో షరతు దగ్గరే. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకి, లైట్లకి, హాల్లో ఒకటో రెండో ప్లగ్‌లకి మాత్రమే లాగుతారు. పై పోర్షన్ తర్వాత కట్టినదైతే దానికి ఇన్వర్టరే ఉండదు, లేదా వేరే మీటరు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కింద మోడెం వెలుగుతూ ఉంటుంది, పైన యాక్సెస్ పాయింట్ ఆరిపోతుంది. నెట్ ఉన్నా పైవాళ్లకి లేనట్టే. పైగా యాక్సెస్ పాయింట్‌కి సరైన చోటు సీలింగ్, లేదా హాలు మధ్య గోడ పైభాగం. అక్కడ ప్లగ్ ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, ఎడాప్టర్‌ని గాల్లో వేలాడదీసి, టేపు చుట్టిన ఇళ్లు ఎన్నో. అది కొన్నాళ్లకి లూజ్ అవుతుంది, చెయ్యి తగిలితే చాలు రీస్టార్ట్ అవుతుంది.

ఎడాప్టర్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. వోల్టు సరిపోవాలి, ఆంపియర్ సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 12 వోల్టులు 1 ఆంపియర్ అంటే 12 వాట్లు. 1.5 ఆంపియర్ అడిగే పరికరానికి 1 ఆంపియర్ ఎడాప్టర్ పెడితే వెంటనే ఆగిపోదు. నలుగురు ఒకేసారి వీడియో చూసినప్పుడు పడిపోతుంది. పిన్ను కూడా చూసుకోవాలి. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఉన్నవాటిలోనే లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలున్నాయి. ఒకదానిలో ఇంకోటి పట్టినట్టే ఉంటుంది, కానీ వదులుగా.

పీఓఈ: ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు

నెట్ వైరులోనే కరెంటు కూడా పంపే పద్ధతిని పీఓఈ అంటారు. కింద మోడెం పక్కన, ఇన్వర్టర్ ప్లగ్‌లో ఒక చిన్న ఇంజెక్టర్ (నెట్ వైరులోకి కరెంటు ఎక్కించే పెట్టె) పెడతారు. అక్కడి నుంచి ఒకే వైరు పైకి వెళ్తుంది. సీలింగ్ దగ్గర ప్లగ్ అక్కర్లేదు. కరెంటు పోయినా పైదీ కిందదీ కలిసే బతుకుతాయి. స్లాబుకి ఒక రంధ్రం, పక్కనే ఒక పీవీసీ పైపు, అంతే పని. ఆ పైపులో 230 వోల్టుల వైరు మాత్రం కలిపి లాగనివ్వకండి. "ఒకే పైపులో పోతాయిలే సార్" అంటారు ఎలక్ట్రీషియన్లు. ఒప్పుకోవద్దు.

ఇక్కడే షాపుల్లో ఎక్కువ గందరగోళం. పీఓఈ అని అమ్మే వాటిలో రెండు జాతులున్నాయి.

మొదటిది ప్రమాణం ప్రకారం తయారైనది. డబ్బా మీద 802.3ఏఎఫ్, ఏటీ, బీటీ అని రాసి ఉంటుంది. 2003లో వచ్చిన ఏఎఫ్ ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, వైరులో పోయింది పోగా పరికరానికి 12.95 వాట్లు గ్యారంటీ. 2009 నాటి ఏటీలో ఇచ్చేది 30, అందేది 25.5. 2018లో వచ్చిన బీటీ 90 వాట్ల దాకా వెళ్తుంది గానీ ఇళ్లకి అంత అవసరం రాదు. ఈ జాతి గొప్పతనం వాట్లలో లేదు, మర్యాదలో ఉంది. అవతల ఉన్నది పీఓఈ పరికరమేనా అని ముందు చిన్న వోల్టేజీతో పరీక్షిస్తుంది. సుమారు 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ కనిపిస్తేనే అసలు కరెంటు వదులుతుంది. పొరపాటున ల్యాప్‌టాప్‌నో టీవీనో తగిలించినా దానికి ఏమీ కాదు.

రెండోది పాసివ్ పీఓఈ. పరీక్షలు లేవు, అడగడాలు లేవు. ప్లగ్‌లో పెట్టగానే 24 వోల్టులో 48 వోల్టులో వైరులోకి తోసేస్తుంది. మైక్రోటిక్ వాళ్ల చాలా మోడళ్లు, యుబిక్విటీ పాత మోడళ్లు, మేడల మీద డిష్‌లా బిగించే అవుట్‌డోర్ పరికరాలు చాలావరకు ఈ రకమే. వాటితో వచ్చిన ఇంజెక్టర్‌ని వాటితోనే వాడితే ఏ ఇబ్బందీ లేదు. కానీ 24 వోల్టుల పరికరానికి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే అది కాలిపోయే ప్రమాదం ఉంది. ఏఎఫ్ యాక్సెస్ పాయింట్‌కి 24 వోల్టుల ఇంజెక్టర్ పెడితే సాధారణంగా లైటే వెలగదు. ఈ రెండో సందర్భంలో "పీస్ డెడ్ అన్నా" అంటూ వెనక్కి వచ్చే పెట్టెల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండదు.

నా ఎంపిక స్పష్టంగానే ఉంది. కొత్తగా కొనేవాళ్లు ఏఎఫ్ లేదా ఏటీ రాసి ఉన్న యాక్సెస్ పాయింట్, అదే రాసి ఉన్న గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వేగం పంపే) ఇంజెక్టర్ తీసుకోండి. పాసివ్ అనేది దాని సొంత డబ్బాలో దానితో పాటు వచ్చినప్పుడే. విడిగా కొనకండి. వైఫై 6, 7 మోడళ్లలో చాలావాటికి ఏఎఫ్ సరిపోదు, ఏటీ కావాలి. స్పెసిఫికేషన్ కాగితంలో గరిష్ఠ వాట్లు 12.95 దాటితే ఏటీ ఇంజెక్టర్ తీసుకోవడమే మంచిది. తక్కువ కరెంటు దొరికితే కొన్ని మోడళ్లు ఆగిపోవు. సిగ్నల్ బలం తగ్గించుకునో, ఒక రేడియో (వైఫై ప్రసారం చేసే భాగం) ఆపేసుకునో నడుస్తాయి. వైఫై వస్తుంది గానీ డబ్బాపై రాసినంత ఎందుకు రావడం లేదో అంతుపట్టదు.

దూరం పెరిగే కొద్దీ వోల్టు విలువ తెలుస్తుంది

కొందరు ఇంకా చౌక దారి వెతుకుతారు. పాత 12 వోల్టుల ఎడాప్టర్‌నే నెట్ వైరులోని ఖాళీ జంటలకి (ఆ వైరులో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు) కలిపి పైకి పంపే చిన్న కేబుళ్ల జత బజార్లో దొరుకుతుంది. పది మీటర్ల లోపు, అయిదారు వాట్ల పరికరానికి అది నడవొచ్చు. కానీ కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి గోడౌన్‌కి 80 మీటర్లు లాగాలనుకోండి, పరికరం 10 వాట్లది. మంచి రాగి క్యాట్ 5ఈ రకం నెట్ వైరులో రెండు జంటల మీద పంపితే రాకపోకల రెసిస్టెన్స్ దాదాపు 7 ఓమ్‌లు. 48 వోల్టులతో పంపితే అవతల 46 పైనే అందుతుంది. 24తో పంపితే 21 కంటే కాస్త తక్కువ. 12తో అయితే లెక్కే కుదరదు. ఆ దూరానికి ఆ వైరులో 10 వాట్లు అందించడం 12 వోల్టులకి సాధ్యం కాదు. పరికరం బూట్ అవడం మొదలుపెట్టి, రేడియో ఆన్ అయ్యే క్షణంలో పడిపోయి, మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా అదే పని.

ఇది మంచి రాగికి సంబంధించిన లెక్క. బజార్లో చౌకగా వచ్చే క్యాట్ 6 బండిళ్లలో చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం తీగకి పైపైన రాగి పూత. రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది. పైగా వంచితే విరుగుతుంది. మన సముద్రపు గాలికి జాయింట్ల దగ్గర తొందరగా పాడవుతుంది. పీఓఈ లాగేటప్పుడు డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఏదైనా ఉంటే ఇదే. తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే ఆ బండిలు కెమెరాలకి కూడా వద్దు.

ఇంజెక్టరా, స్విచ్చా

ఒకటి రెండు యాక్సెస్ పాయింట్లకి ఇంజెక్టర్లు చాలు. మూడు దాటితే ఇంజెక్టర్ల వరస, వాటి ప్లగ్‌ల వరస చూస్తేనే టెన్షన్ వస్తుంది, అప్పుడు పీఓఈ స్విచ్, అంటే ఒక్కో పోర్టు నుంచి నెట్‌తో పాటు కరెంటూ ఇచ్చే పెట్టె. లాడ్జీలకి, కాలేజీ హాస్టళ్లకి, చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసులకి స్విచ్చే సరైనది. ఎక్కడో మూల గదిలో వేలాడుతున్న యాక్సెస్ పాయింట్ మొండికేస్తే, నిచ్చెన ఎక్కకుండా కింద నుంచే ఆ పోర్టు ఆపి తిరిగి ఆన్ చేసే సౌకర్యం మేనేజ్డ్ స్విచ్‌లో ఉంటుంది. ఆ ఒక్క లాభం కోసమే కొనొచ్చు.

స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య కాదు, మొత్తం వాట్లు చూడాలి. ఎనిమిది పోర్టుల స్విచ్‌కి మొత్తం బడ్జెట్ 60 వాట్లో 65 వాట్లో ఉంటే, ఏటీ పరికరాలకి 20 వాట్ల చొప్పున వేసుకున్నా మూడే. నాలుగోది పెట్టినప్పుడు కొత్తది వెలగకపోవచ్చు, లేదా వెలుగుతున్న వాటిలో ఒకటి ఆగొచ్చు.

ఇంట్లో సీసీ కెమెరాలకి పెట్టిన పీఓఈ స్విచ్ ఉంది కదా, దానికే తగిలిద్దాం అనిపించడం సహజం. కరెంటు వస్తుంది, వైఫై కూడా వస్తుంది. కానీ ఆ స్విచ్‌లలో చౌకవాటి పీఓఈ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. మీరు 300 ప్లాన్‌కి డబ్బు కడుతుంటే పైన 90 చిల్లర దగ్గరే ఆగిపోతుంది. ఇంకో ముచ్చట: వాటిలో చాలావాటికి పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, ఎక్స్‌టెండ్ అనో 250 మీటర్లు అనో రాసి. దూరపు కెమెరా కోసం ఎవరో దాన్ని ఆన్ చేసి ఉంటారు. ఆ స్థితిలో ఆ పోర్టులు 10 ఎంబీపీఎస్‌కి దిగిపోతాయి. కెమెరాకి అది చాలు. యాక్సెస్ పాయింట్‌కి చాలదు. ఈ మీట సంగతి తెలియక సర్వీసు వాళ్లని తిట్టుకునేవాళ్లు ఉన్నారు.

పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడాలనుకుంటే స్ప్లిటర్ అనే చిన్న పెట్టె ఉంది. పైన వైరు కొసకి పెడితే 48 వోల్టులని 12గా మార్చి రౌటర్ పిన్నుకి ఇస్తుంది. మంచి ఉపాయమే, గిగాబిట్ అని రాసి ఉన్నది చూసి తీసుకుంటే చాలు.

బ్యాటరీ విషయం

మోడెం, రౌటర్, ఒక యాక్సెస్ పాయింట్, వాటి ఎడాప్టర్లలో వృథా అయ్యేది అంతా కలిపినా 30 వాట్ల చుట్టుపక్కలే. మామూలు సీలింగ్ ఫ్యాను 70 వాట్లకి పైన తీసుకుంటుంది. కాబట్టి ఇన్వర్టర్ మీద ఇవి బరువు అనుకోనక్కర్లేదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో విడిగా మినీ యూపీఎస్ (మోడెం లాంటి చిన్న పరికరాలకి బ్యాటరీ పెట్టె) కొనడం నా దృష్టిలో అనవసరం, ఒక్క సందర్భంలో తప్ప.

ఆ సందర్భం ఇది. కరెంటు పోయిన క్షణంలో ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది గానీ మోడెం రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకి వెనక యూపీఎస్, ఎకో లేదా నార్మల్ అని మీట ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే మార్పిడి వేగంగా జరిగి మోడెం నిలబడుతుంది. కానీ ఆ మోడ్‌లో మెయిన్ వోల్టేజీ సుమారు 180 కంటే తగ్గినా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. టౌన్లో ఇబ్బంది లేదు. మోటర్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే పల్లెల్లో సాయంత్రాలు వోల్టేజీ పడిపోయి బ్యాటరీ అనవసరంగా అరిగిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి మోడెంకి మినీ యూపీఎస్ పెట్టుకోండి.

మినీ యూపీఎస్‌లలో పీఓఈ పోర్టు ఉన్నవి కూడా వస్తున్నాయి. అది 24 వోల్టుల పాసివా, 48 వోల్టులా అన్నది పైన చెప్పినట్టే చూడాలి. మొత్తం వాట్లు కూడా. మోడెంకి, రౌటర్‌కి, పీఓఈకి కలిపి ఎంత ఇవ్వగలదో అడగండి.

2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుఫానుకి మాత్రం ఈ ఏర్పాట్లేవీ సరిపోవు. స్తంభాల మీది ఫైబరే తెగితే ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా ఫోన్ డేటానే దిక్కు.

రొయ్యల గుంటల దగ్గర, తీరం వెంబడి

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు గుంటల గట్టు మీద కాపలా షెడ్డుకి నెట్ కావాలంటే ఇంటి లెక్కలు మారతాయి. నెట్ వైరుకి పరిమితి 100 మీటర్లు. అంతకు మించితే రాగి వైరు వద్దు. కరెంటు షెడ్డు దగ్గర ఎలాగూ ఉంటుంది, ఏరేటర్లకి లైను లాగే ఉంటారు. కాబట్టి నెట్‌ని గాల్లో పంపే రెండు అవుట్‌డోర్ పరికరాలు గానీ, ఫైబర్ గానీ వాడి, కరెంటు మాత్రం షెడ్డులోనే ఇచ్చుకోవాలి. బ్యాటరీ దగ్గరే కరెంటు మొదలవ్వాలన్న నా మాట ఇక్కడా చెల్లుతుంది, ఇక్కడ బ్యాటరీ షెడ్డులో పెట్టుకోవాలి అంతే. ఏరేటర్ లైను నుంచి నేరుగా ఇవ్వకండి. మోటర్లు ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా వచ్చే కుదుపుకి చిన్న ఎడాప్టర్లు నిలవవు. మధ్యలో బ్యాటరీ గల ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి.

రెండు భవనాల మధ్య బయటి గాల్లో రాగి వైరు లాగితే పిడుగుల కాలంలో అది మోడెం దాకా దెబ్బ మోసుకొస్తుంది. ఫైబర్‌లో లోహపు తీగ లేనిది తీసుకుంటే ఆ భయం లేదు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి ఇంకో శత్రువు. నెట్ వైరు కొసన ఉండే ఆర్‌జే45 పిన్నుల మీద పచ్చని చిలుము కడుతుంది. కరెంటు కూడా మోసే పిన్నులు కాబట్టి ఇంకా త్వరగా. వైరు పరికరంలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇచ్చి పైకి తిప్పండి, వాన నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి. ఇంజెక్టర్ ఎప్పుడూ ఇంటి లోపలే ఉండాలి.

వెలగనప్పుడు, ఆగిపోతున్నప్పుడు

ముందు ఒక మీటరు పొట్టి వైరు తెచ్చి, యాక్సెస్ పాయింట్‌ని కిందికి దింపి, ఇంజెక్టర్ పక్కనే పెట్టి తగిలించండి. వెలిగిందా, తప్పు వైరుదే. వెలగలేదా, ఇంజెక్టర్ లేదా పరికరం. డబ్బాలో ఎడాప్టర్ పిన్ను కూడా ఉన్న మోడలైతే దానితో చూస్తే ఆ రెండిట్లో ఏదో తేలుతుంది. ఇంజెక్టర్‌కి రెండు రంధ్రాలుంటాయి, పీఓఈ అని రాసినది పైకి, డేటా లేదా ల్యాన్ అని రాసినది మోడెంకి. తారుమారుగా పెట్టడం ఎంత మామూలో చెప్పలేను. ముందు అదే చూడండి.

మల్టీమీటర్ పెట్టి కొలిచేవాళ్లకి ఒక హెచ్చరిక. పాసివ్ ఇంజెక్టర్‌లో 4, 5 పిన్నులకీ 7, 8 పిన్నులకీ మధ్య 24 వోల్టులు నేరుగా కనిపిస్తాయి. ఏఎఫ్ ఇంజెక్టర్‌లో ఏమీ తగిలించకుండా కొలిస్తే 48 రాదు, చిన్న చిన్న వోల్టులు వచ్చి పోతుంటాయి. అది చెడిపోయినట్టు కాదు, పరికరం కోసం వెతుకుతున్నట్టు.

స్విచ్ నుంచి వెలిగే యాక్సెస్ పాయింట్ ఇంజెక్టర్ నుంచి వెలగకపోతే నీలం, గోధుమ జంటలని చూడండి. ఇంజెక్టర్లు సాధారణంగా ఆ జంటల మీద కరెంటు పంపుతాయి, స్విచ్‌లు చాలావరకు నారింజ, ఆకుపచ్చ జంటల మీద. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలని మిగతా నాలుగు క్రింప్ చేయకుండా వదిలేసిన, లేదా కెమెరాకి వాడేసిన ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. వెలుగుతుంది గానీ వేగం 100 దాటకపోయినా ముందు అనుమానించాల్సింది ఈ జంటలనే.

సాయంత్రం పూట, అందరూ వాడేటప్పుడే రీస్టార్ట్ అవుతుంటే వాట్లు చాలడం లేదు. మధ్యాహ్నం పూట, మే నెలలో, రేకుల షెడ్డు కింద అయితే వేడి. వాన పడ్డాక అయితే కనెక్టర్‌లో నీళ్లు. ఎప్పుడు ఆగుతోందో రెండు రోజులు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

కొన్ని మాత్రం కరెంటు తప్పులా కనిపించి కాకుండా పోతాయి. యాక్సెస్ పాయింట్ ఆన్ అయ్యాక 2.4 వైఫై వెంటనే కనిపించి 5 గిగాహెర్ట్జ్ పేరు ఒక నిమిషం దాకా కనిపించకపోతే అది చెడిపోలేదు. కొన్ని ఛానళ్లలో రాడార్ ఉందేమో విని చూసుకున్నాకే ప్రసారం మొదలుపెట్టాలన్న నియమం ఉంది. ఆ ఆలస్యం వద్దనుకుంటే ఛానల్‌ని 36కి మార్చుకోండి. ఫోన్ కనెక్ట్ అయి, నెట్ రాక, ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే వైఫై బాగానే ఉంది, వెనక మోడెం దాకా దారి లేదు. పాత రౌటర్ పెట్టినవాళ్లు అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచే సెట్టింగు) ఆపేసి, దాని ఐపీని మోడెం ఐపీ కాకుండా వేరేగా పెట్టి, కింది నుంచి వచ్చిన వైరుని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు కోసం ఉన్నది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉన్నది) పెట్టాలి. ఈ పని పైకి ఎక్కించే ముందే, కింద కూర్చుని చేసుకోండి.